వస్తాడని చెప్పాను

అత్వెల్లి
ఆగస్టు 6

చిరంజీవి ధర్మేందర్‌కు,

ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని చిరంజీవి అనొచ్చా అని పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించాను. మరుదులకు వయసు రాదని తేల్చుకుని రాస్తున్నాను.

ముందు నియమాలు. సీజన్ అయ్యేదాకా మనిద్దరి మధ్య ఫోన్లు లేవు. ఫోన్లో ఎవరడిగినా నువ్వు “మంచిగనే ఉన్న” అంటావు. టోర్నమెంటు మధ్యలో బయటికి పంపేసినా అదే, జ్వరమొచ్చినా అదే, పోయినేడు నాగపూర్ స్టేషన్లో నీ గోల్ఫ్ సంచి పోయినప్పుడూ అదే. మీ అన్న ఫోన్ తీశారంటే రెండు నిమిషాల్లో అన్నదమ్ములిద్దరూ పోట్లాటకు దిగుతారు. కాగితం మీద అబద్ధం రాయాలంటే కష్టపడాలి, నువ్వేమో బద్ధకస్తుడివి. అందుకని ఉత్తరాలు. వచ్చేవారం ఏ ఊళ్లో ఏ లాడ్జిలో దిగుతావో ముందే తెలుస్తుంది కనుక అక్కడికే స్పీడ్ పోస్టు చేస్తాను.

“రెండు రోజులు ఆడినంక సగం మందిని ఇంటికి పంపుతరు వదినె. కట్ తప్పితే గురువారం సాయంత్రమే నా పని ఖతం. బుధవారం లోపల అందేటట్టు పంపు” అన్నావు బయల్దేరేముందు. ఇది శుక్రవారానికి అందేలా చూసుకుని పంపుతున్నాను. బాగా ఆడినవాడికే చేరుతుంది. దీన్ని ప్రోత్సాహం అంటారు.

ఇప్పుడు నువ్వు డెబ్భై ఒకటో స్థానంలో ఉన్నావని మీ అన్న చెప్పారు. నేను అడగలేదు. ఆయనా నాకు చెప్పినట్టు చెప్పలేదు, ఫ్యానుతో చెప్పినట్టు పైకి చూసి చెప్పారు. ఉగాదినాడు నువ్వు ఆయనకిచ్చిన మాట ఆయన మరిచిపోలేదు. ఏడాది చివరికి మొదటి అరవై మందిలో ఉంటే వచ్చే ఏడాదికి కార్డు నిలుస్తుంది, ఆడతావు. లేకపోతే కొత్తవాళ్లతో కలిసి మళ్లీ అర్హత పోటీలకు పోకుండా, ఆట మానేసి ఊళ్లో ఉంటావు. పదహారేళ్లు ఆడి, ఒకే ఒక్కసారి రెండో స్థానం వచ్చినవాడికి ఇది న్యాయమైన ఒప్పందమేనా? నాకు ఒక పూట అవుననిపిస్తుంది, ఇంకో పూట కాదనిపిస్తుంది.

మరొకటి. షామీర్‌పేట మలుపు దాటాక కృష్ణారావుగారని ఒక రిటైర్డ్ ఇంజనీరు బంతులు కొట్టి సాధన చేసుకునే మైదానం పెట్టారు. కాకినాడవైపు మనిషి, మేడ్చల్ కొత్త కాలనీలో ఉంటారు. నేర్పడానికి నీలాంటివాడు కావాలట, వస్తావా అని అడిగారు. విన్నాను. వినడం వరకే.

మీ వదిన
సుచిత్ర


జంషెడ్‌పూర్
ఆగస్టు 15

వదినెకు నమస్తే.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. సంతోషపడకు. ఒక్క దెబ్బ తేడాతో కట్ తప్పింది. రైలు శనివారానికి గాని లేదు కాబట్టి గదిలోనే పడి ఉన్నా. లాడ్జి మేనేజరు కవరు తెచ్చి, ఇంటినుంచి ఉత్తరమొచ్చింది, ఎవరికైనా బాగాలేదా అని పరేషాన్ అయిండు. ఈ రోజుల్లో ఉత్తరం అంటే చావుకబురే అనుకుంటున్నారు. మా వదినె రాసింది అన్నాను. ఇంకా పరేషాన్ అయిండు.

అట్ల నీ పరీక్షలో ఫెయిలై మరీ బహుమతి అందుకున్నాను.

చివరి గుంత దగ్గర ఏమైందంటే, రెండడుగుల దూరం. కొడితే లోపల. కట్ దాటేవాణ్ని. సరిగ్గా అప్పుడే గాలి వచ్చింది. బంతి అంచు మీదికి పోయి, లోపలికి చూసి, పక్కకు పోయింది. గాలి మన చేతుల్లో లేదు కదా.

ఓదెలన్న బాగున్నాడు. అన్న ఎన్నడూ అడగడు గాని నువ్వు చెప్పు. తొమ్మిదేళ్ల నుంచి నా సంచి మోస్తున్న మనిషి, మన షామీర్‌పేటాయన, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఏ గుంతకు ఏ కర్ర తీయాల్నో నాకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. నిన్న నన్ను చూసి, “గంత భయపడి సూస్తవేంది తమ్మీ, అది బంతి, మీ లెక్కల సారు గాదు” అన్నాడు. లెక్కల సారు దగ్గర నేనెప్పుడూ భయపడలేదు. ఆ పీరియడ్‌లో నేను బడిలో ఉంటే కదా.

కృష్ణారావుగారికి నమస్తే చెప్పి ఊరుకో. అరవైలోకి వస్తాను.

అన్నకు చెప్పు: మంచిగనే ఉన్న.

నీ మరిది
ధర్మేందర్


అత్వెల్లి
ఆగస్టు 24

ధర్మేందర్‌కు,

రెండడుగులంటే ఎంతో స్కేలు పెట్టి కొలిచాను. మన వంటింటి గట్టు వెడల్పు. ఆ గట్టు ఈ అంచున టమాటా పెట్టి ఆ అంచుకు దొర్లించి చూశాను. అంత దూరంలో గాలి బంతిని నెట్టేసిందని రాశావు. నాకు తెలిసింది ఎకనామిక్స్ ఒక్కటే కాబట్టి మా అల్వాల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే బిందును అడిగాను. అంత గాలి వీస్తే బంతితో పాటు మీ మరిది కూడా ఎగిరిపోవాలండీ అంది.

కాబట్టి గాలి కాదు.

నీకు కోపం రాకుండా ఉండడానికి నా పరువు తీసే సంగతి ఒకటి ముందు చెబుతాను. ఆదివారం కృష్ణారావుగారి మైదానానికి వెళ్లి నేనూ బంతి కొట్టాను. ఎందుకెళ్లానో సరిగ్గా చెప్పలేను. పదహారేళ్లుగా నువ్వు చేసేదేమిటో తెలియకుండానే నీ గురించి ఇన్ని అభిప్రాయాలు పెట్టుకున్నానే అనిపించింది. చున్నీ నడుముకు బిగించి, కర్ర పట్టుకుని, ఏడుసార్లు ఊపాను. ఏడుసార్లూ బంతి అక్కడే ఉంది. ఎనిమిదోది తగిలింది. ముందుకు కాదు, పక్కకు, బెంచీ మీద చాయ్ తాగుతున్న పెద్దమనిషి కాళ్ల మధ్య నుంచి. కృష్ణారావుగారు చాలా మర్యాదస్తులు. “మొదటిరోజు తగలడమే గొప్పండీ” అన్నారు. చాయ్ ఆయన మాత్రం లేచి కారులో కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఒకటి అర్థమైంది. క్రికెట్‌లో బంతి మన మీదికి వస్తుంది, ఆలోచించే వ్యవధి ఉండదు. ఇక్కడ అది కదలకుండా కూర్చుని, మన ఆలోచనలన్నీ అయ్యేదాకా ఎదురు చూస్తుంది. నాలాంటిదానికి అంతకంటే భయంకరమైన ఆట ఉండదు. నీకూ అలా ఏమైనా మొదలైందా?

నిజం రాయి. గాలి కాకపోతే ఏమిటి?

సుచిత్ర


చండీగఢ్
సెప్టెంబరు 4

వదినె,

టమాటా ఎటు పోయిందో రాయలేదు.

రెండు రోజుల నుంచి ఈ కాగితం ముందర పెట్టుకున్నా. నువ్వన్నది నిజం, కాగితం మీద అబద్ధానికి మస్తు కష్టపడాలి.

నా కుడిచేయి. పోయిన నవంబరులో మొదలైంది. దూరం దెబ్బలకు ఏమీ కాదు. రెండు వందల గజాల నుంచి కొడితే పోయి జెండా పక్కన కూర్చుంటుంది. గుంత దగ్గరికి వచ్చినంక, పటర్‌తో మెల్లగా తోయాల్సిన ఆఖరి దెబ్బ ఉంటుంది చూడు, నువ్వు గట్టు మీద చేసింది, అక్కడ వస్తుంది. పటర్ వెనక్కి తీసి ముందుకు తెచ్చే లోపల చేయి దానంతటది ఎగురుతుంది. చెరువులో గాలానికి చేప తగిలినప్పుడు కర్ర ఎట్ల గుంజుకుంటుందో అట్ల. నేను గుంజుతలేను. ఎవరో గుంజుతున్నారు.

డాక్టరు నరాలు, కండలు అన్నీ బాగున్నాయి అన్నాడు. కళ్లు మూసుకుని కొట్టి చూశాను. అంకెలు లెక్కపెట్టుకుంటూ కొట్టి చూశాను. పోయిన వారం లోపల లోపల కూనిరాగం తీస్తూ కొట్టాను, రాగం బాగానే వచ్చింది.

దీనికి ఒక పేరుంది. మా వాళ్లెవరూ ఆ పేరు పైకి అనరు, అంటే అంటుకుంటుందని. భోజనాల దగ్గర ఎవడైనా నోరు జారి అన్నాడంటే పళ్లెం తీసుకుని వేరే బల్లకు పోతారు. నేనూ పోయేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా అంటారేమోనని ఒక్కణ్నే తింటున్నా.

ఓదెలన్నకు తెలుసు. తెలియనట్టే ఉంటాడు. నేను రెండడుగుల బంతి దగ్గర నిలబడంగనే ఆయన సంచి జిప్పు సర్దుకుంటూ అటు తిరుగుతాడు.

డెబ్భై నాలుగుకు పడిపోయా. ఇంకా నాలుగు టోర్నమెంట్లు ఉన్నాయి. నాకు ఆట మానాలని లేదు వదినె. ఓడిపోయి మానేయమంటే మానేస్తా. చేయి వణికి మానేశాడంటే తట్టుకోలేను.

అన్నకు చెప్పకు. ఆయన ఏమీ అనడు. అదే భయం.

ధర్మేందర్


అత్వెల్లి
సెప్టెంబరు 13

ధర్మేందర్,

చెప్పేశాను.

చింపేయకు, మిగతాది చదువు. మూడు రోజులు దాచాను. నా మొహం చూసి ఆయనే అడిగారు, కాలేజీలో ఏమైనా అయిందా అని. నేను అబద్ధం ఆడగలను గానీ ఇంట్లో ఆడలేను. స్కూటరు కడుగుతున్నారు. విన్నారు. బకెట్ నిండి పొర్లిపోతున్నా పైపు పట్టుకుని అలాగే నిలబడ్డారు, తర్వాత కడిగిన స్కూటర్నే మళ్లీ కడిగారు. జీడిమెట్ల ఫ్యాక్టరీలో షిఫ్ట్‌కు వెళ్లిపోయారు. నువ్వు భయపడ్డట్టే ఒక్క మాట లేదు. నేను ఎంత పనికిమాలినదాన్నో నాకు నేనే చెప్పుకుంటూ పడుకున్నాను.

మర్నాడు చాయ్ తాగుతూ ఉన్నట్టుండి అన్నారు. “వాడు షిన్నప్పుడు ఎడమచేతి వాటంగ గొట్టేటోడు. బాపు దెచ్చిన కర్ర గసుంటిది. గప్పుడు వానికి చెయ్యి వణికినట్టు నేనెన్నడు సూడలే.”

నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పుడు మొత్తం చెప్పారు. మామయ్యగారు గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే రోజుల్లో ఎవరో ఎడమచేతి వాటం ఆఫీసరు విరిగిన కర్ర పారేస్తే, దానికి సైకిల్ ట్యూబు చుట్టి ఇంటికి తెచ్చారట. ఇంట్లో కర్ర అదొక్కటే కాబట్టి నువ్వు కుడిచేతివాడివై ఉండి కూడా పద్నాలుగేళ్లదాకా ఎడమవైపు నుంచే ఆడావట. కుడివైపు కర్రల సెట్టు దొరికాక మారిపోయావట. గడ్డి మీద రూపాయి బిళ్ల పెట్టి, పదడుగుల నుంచి దాన్ని కొట్టేవాడివని ఆయన రెండుసార్లు చెప్పారు. నీ ఆట గురించి ఆయనకేమీ తెలియదనుకున్నాను ఇన్నేళ్లూ.

దూరం దెబ్బలు కుడివైపు నుంచి, ఆఖరి దెబ్బ ఎడమవైపు నుంచి. నియమాలు ఒప్పుకుంటాయా? నవ్వుతారా? నవ్వితే ఏమవుతుంది?

నీతో ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కానీ ఉత్తరానికి ఒక నేరం చాలు.

సుచిత్ర


కోయంబత్తూరు
అక్టోబరు 19

వదినెకు వంద నమస్తేలు.

నియమాలు ఒప్పుకున్నాయి. అందరూ నవ్వారు. ఏమీ కాలేదు.

ఎడమచేతి పటర్ ఊళ్లో దుకాణాల్లో లేదు. ఓదెలన్న ఎవరెవరినో అడిగి ఒక పాతది పట్టుకొచ్చాడు, పిడి అరిగిపోయింది. మొదటిరోజు దాన్ని తీసి అటుపక్క నిలబడితే, నాతో ఆడుతున్న పిల్లగాడు తప్పువైపు నిలబడ్డానేమోనని చేతితో చూపించాడు. రెండడుగులు. వెనక్కి తీశాను. ముందుకు తెచ్చాను. ఎవరూ గుంజలేదు. బంతి లోపల పడ్డ చప్పుడు నాకు ఏడాది తర్వాత వినబడింది. ఓదెలన్న ఇటు తిరిగే ఉన్నాడు.

పోయిన టోర్నమెంటులో పదిహేడో స్థానం. ఈ వారం తొమ్మిది. ర్యాంకు అరవై మూడు. ఇంకొక్కటే ఉంది, నవంబరు చివర బెంగళూరులో.

దూరం నుంచి తోసేటప్పుడు ఇంకా అంచనా చిక్కడం లేదు, ఒకటి పొట్టి అయితే ఒకటి పొడుగు. అయినా కానీ. ఓదెలన్న అప్పటిదాకా ఇంటి దగ్గర ఉండి వస్తానన్నాడు, పంపిస్తున్నా.

అన్నకు ఏం చెప్పాలో తెలియడం లేదు. రూపాయి బిళ్ల కాదు, అది అర్ధరూపాయి అని చెప్పు.

నీ నేరం ఏంది? రాయి, మాఫ్ చేసేంత ఖుషీలో ఉన్నా.

ధర్మేందర్


బెంగళూరు
నవంబరు 30

సుచిత్ర వదినెగారికి,

మీ నేరం నాకు ఓదెలన్న దగ్గర తెలిసింది. మీరు రాసి ఉంటే బాగుండేది.

ఆయన టోర్నమెంటుకు ముందురోజు వచ్చాడు, కానీ నా దగ్గరికి కాదు. కొత్తగా మంచి ర్యాంకులో ఉన్న ఒకాయన సంచి ఒప్పుకున్నాడు. ఎందుకన్నా అంటే ఫోన్ తీసి ఫొటో చూపించాడు. షామీర్‌పేట మలుపు దగ్గర ఫ్లెక్సీ. నా మొహం తలుపంత. “జనవరి నుండి ప్రముఖ గోల్ఫర్ ధర్మేందర్‌గారిచే శిక్షణ.” పక్కన కృష్ణారావుగారు దండం పెడుతున్నారు.

“నువ్వు ఇంటికాడ్నే ఉంటవంట గద తమ్మీ. మీ వదినె మాటిచ్చిందంట ఆగస్టులనే. నాకు జెప్పకపోతివి. ఇగ నా బత్కు నేను సూస్కోవాలె గద” అన్నాడు. ఆయన తప్పేముంది? నాకే తెలియదు అంటే నమ్మలేదు. ఎవరు నమ్ముతారు?

నాలుగు రోజులు ఎవరో తెలియని మనిషి సంచి మోశాడు. మంచివాడే. మూడోరోజు పదకొండో గుంత దగ్గర దూరం తప్పు చెప్పాడు, బంతి నీళ్లలో పడింది. ఓదెలన్న ఉంటే పడేది కాదు. చివరిరోజు చివరి బంతి నాలుగడుగుల నుంచి ఎడమవైపు నిలబడి లోపలికే తోశాను. చేయి వణకలేదు. నేను అరవై ఒకటో స్థానంలో ఆగిపోయాను.

మీరు ఆగస్టులో నాకు రాసిన మొదటి ఉత్తరం దగ్గర పెట్టుకున్నా. “విన్నాను. వినడం వరకే.” కాగితం మీద అబద్ధం కష్టమని రాసింది కూడా అందులోనే.

మాట ఇచ్చింది మీరు, ఇంటి పరువు కాబట్టి నిలబెట్టేది నేను. సంక్రాంతి అయినంక వచ్చి చేరతానని కృష్ణారావుగారికి చెప్పండి. అన్నకిచ్చిన మాట కూడా అదే కాబట్టి రెండూ కలిసొచ్చాయి. అప్పటిదాకా పుణెలో స్నేహితుని దగ్గర ఉంటాను. అడ్రసు కవరు వెనక ఉంది. జవాబు అక్కర లేదు.

ధర్మేందర్


అత్వెల్లి
డిసెంబరు 9

ధర్మేందర్,

అక్కర లేదన్నావు. రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు. ఆగస్టు మొదటివారంలో కృష్ణారావుగారు మీ మరిదిగారు వస్తారా అండీ అని అడిగినప్పుడు నా నోటివెంట “వస్తాడు” అని వచ్చింది. అడిగి చెబుతానని కాదు, చూద్దామని కాదు. అప్పటికి సీజన్ ఇంకా నాలుగు నెలలు ఉంది. ఇంటికి వచ్చి నీకు ఉత్తరం రాస్తూ ఆ మాట దాటేశాను. నవంబరులో బస్సులోంచి ఫ్లెక్సీ చూశాను. చూసి మూడురోజులు అదే బస్సులో అది కనబడని వైపు కూర్చుని కాలేజీకి వెళ్లాను. నాలుగోరోజు ఆయన దగ్గరకు వెళ్లాను, తీసేయమనడానికి. ఆయన చాయ్ తెప్పించారు. అడగకుండానే తిరిగొచ్చాను.

ఎందుకలా అన్నావని మీ అన్న అడిగారు. నీ మంచికే అనుకున్నానని చెప్పాను. అది ఆయనకు చెప్పిన జవాబు. నాకు నేను చెప్పుకున్నది వేరు. నా పరిశోధన ఎనిమిదేళ్లు చేసి ఆపేసిన సంగతి నీకు తెలుసు. ఆ కాగితాలు అటక మీద ఉన్నాయి. ఇంకొక్క ఏడాది పట్టేదేమో, పట్టినా అయ్యేది కాదేమో, తెలియకుండానే దిగిపోయాను. నువ్వు ఏటా సంచి భుజానేసుకుని బయల్దేరుతుంటే నాకు నీ మీద జాలి అనుకునేదాన్ని. జాలి కాదేమో. నువ్వు కూడా ఆపేస్తే నాకొక తోడు దొరుకుతుందని ఎక్కడో ఉందేమో. ఇది నిజమో కాదో కూడా నాకు గట్టిగా తెలియదు. కానీ ఆ ఫ్లెక్సీ మీద నీ మొహం చూసినప్పుడు నాకు కలిగిన మొదటి భావం భయం కాదు, నిశ్చింత. అది రాయకపోతే మళ్లీ అబద్ధం అవుతుంది.

క్షమించమని అడగడం లేదు. ఓదెలు ఇంటికి వెళ్లి, నీకు ఏమీ తెలియదని, అంతా నా నోటి పని అని చెప్పి వచ్చాను. ఆయన తల గోక్కున్నాడు. ఇప్పుడు పట్టుకున్న సంచి వదల్లేనన్నాడు.

ఇక ఇది మీ అన్న చెప్పమన్నది, ఆయన మాటల్లోనే. “వాడు నాకిచ్చిన మాట నేను వాపసిచ్చేసిన. అరవై ఒకటంటే అరవై లెక్కనే. జనవరిల అహ్మదాబాద్‌ల అర్హత పోటీలున్నయంట, వాణ్ని పొమ్మను. సంచి మోసేటోడు లేకపోతే నేను మోస్త. లీవ్ పెట్టిన.”

నిజంగానే పెట్టారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో పెళ్లిళ్లకు, జ్వరాలకు తప్ప సెలవు పెట్టని మనిషి, కారణం దగ్గర “తమ్ముని ఆట” అని రాశారట.

నువ్వు పోతావో పోవో నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఈసారి నిజంగానే.

సుచిత్ర


అహ్మదాబాద్
జనవరి 22

వదినె,

మూడోరోజు ఆట అయింది. అన్న బాత్రూములో ఉన్నాడు, అందుకే రాయగలుగుతున్నా. లేకపోతే వెనక నుంచి చదువుతాడు.

మీ అన్న అని నువ్వు అనే మనిషి గురించి ముందు చెప్పాలి. మొదటిరోజు షిఫ్ట్‌కు వచ్చినట్టు గంట ముందర వచ్చి నిలబడ్డాడు. నేను కొట్టబోతుంటే, “ఆగు, గాయన ఇంక నడుస్తాండు” అన్నాడు, ఆయన మూడు వందల గజాల దూరంలో ఉన్నాడు. నేను ఇసుక గుంతలో పడితే తిట్టలేదు. నేను బయటికి కొట్టినంక దంతె పట్టుకుని ఆ ఇసుకను అద్దం లెక్క చదును చేశాడు. నా అడుగులే కాదు, అంతకు ముందు ఎవరో వదిలేసినవి కూడా. ఒక అఫీషియల్ ఆగి చూసి, ఈయన ఎక్కడ నేర్చుకున్నాడని నన్ను అడిగాడు. మా బాపు గౌరయ్య దగ్గర అన్నాను. ఆయనకు ఏం తెలుస్తుంది. నాకు మాత్రం కాసేపు జెండా కనబడలేదు.

దూరాలు తప్పకుండా చెబుతున్నాడు. పొద్దున నేను లేవకముందే వెళ్లి అడుగులు కొలిచి చిట్టీ రాసుకుంటున్నాడు. పటర్ ఇచ్చేటప్పుడు మాత్రం ఏమీ అనడు. ఇచ్చి, నా మొహం దిక్కే చూస్తూ నిలబడతాడు. అటు తిరగడు.

ముప్పై మందికి కార్డులిస్తారు. నేను ముప్పై ఒకటి. ఈ అంకెలు నా మీద పగబట్టినట్టు నన్ను ఒక్క మెట్టు కింద నిలబెడుతున్నాయి. రేపు ఆఖరు. భయంగానే ఉంది, కానీ మామూలు భయం. చేతిది కాదు.

నీ డిసెంబరు ఉత్తరానికి జవాబు రాయలేదు. నాలుగుసార్లు చదివాను. కోపం పోయిందా అంటే సగం పోయింది. మిగతా సగం ఇంటికొచ్చి నీతో కొట్లాడి పోగొట్టుకుంటా, ఉత్తరాల్లో కొట్లాడితే మజా లేదు. నిశ్చింత అని రాశావు చూడు, అది ఎవరూ రాయరు వదినె. నాక్కూడా నవంబరులో ఆ ఫొటో చూసినప్పుడు ఒక్క క్షణం అదే అనిపించింది. ఇగ ఆడక్కర లేదు అని. దానికే నాకు అంత కోపం వచ్చింది.

రేపు ఒకవేళ కాకపోతే కృష్ణారావుగారి దగ్గర చేరతా. మాట అట్లనే ఉంచు.

అన్న బయటికొచ్చిండు.

ధర్మేందర్


అత్వెల్లి
జనవరి 23

ధర్మేందర్‌కు,

ఇది నీ చేతికి అందేసరికి ఫలితం అందరికీ తెలిసి ఉంటుంది. రాస్తున్నప్పుడు నాకు తెలియదు. అది ముఖ్యం, అందుకే టైము కూడా వేస్తున్నాను. పొద్దున పదకొండు. నువ్వు ఇప్పుడు నాలుగో గుంత దగ్గరో ఐదో గుంత దగ్గరో ఉంటావు. ముప్పై ఒకటో స్థానం అని రాత్రి మీ అన్న ఫోన్లో చెప్పారు.

పొద్దున్నే షామీర్‌పేట వెళ్లాను. కృష్ణారావుగారు గడ్డికి నీళ్లు పట్టిస్తున్నారు. మా మరిది రాడండీ, అతన్ని అడగకుండా నేనే మాటిచ్చాను, తప్పు నాదే అని చెప్పాను. ఇంటి దగ్గర పదిసార్లు అనుకుని వెళ్లిన వాక్యం. అక్కడ రెండు ముక్కలై వచ్చింది. ఆయనకు కోపం రాలేదు, బాధపడ్డారు, కోపమే నయం. అల్వాల్ నుంచి ఇంకొకతను అడుగుతున్నాడట, నీకోసమే ఆపారట. ఇక అతన్ని పిలుచుకుంటామన్నారు. అప్పుడాయన అన్నారు, “ఫలితం ఇవాళ సాయంత్రానికే తెలిసిపోతుందని మీరే అంటున్నారు కదండీ. సాయంత్రం చెప్పొచ్చుగా? మీ మరిదిగారికి కార్డు రాకపోతే ఈ ఉద్యోగమన్నా ఉండేది.”

నిజమే. నేను ఎకనామిక్స్ చెబుతాను, ఆయన చెప్పినదే నేను క్లాసులో చెబుతాను.

“సాయంత్రానికి నాకు ధైర్యం చాలదండీ” అన్నాను.

బస్సు ఎక్కాక ఆలోచన మొదలైంది. నీకు నేను రెండోసారి అన్యాయం చేశానేమో. మొదటిసారి నిన్ను అడగకుండా ఒప్పుకున్నాను, ఈసారి నిన్ను అడగకుండా కాదన్నాను. రెండూ ఒకటేనా? కాదని అనుకుంటున్నాను. నమ్మకం ఉందని చెప్పను, నా దగ్గర ఆ సరుకు ఎప్పుడూ తక్కువే. అది లేకుండానే వెళ్లి చెప్పి వచ్చాను, అంతే. నువ్వు ఓడిపోతే నన్ను తిట్టడానికి నీకు పూర్తి హక్కు ఉంది. వచ్చి తిట్టు. పప్పుచారు చేసి ఉంచుతాను.

సుచిత్ర

మధ్యాహ్నం మూడుంపావు. మేడ్చల్ పోస్టాఫీసు, కవరు ఇంకా అంటించలేదు. వరుసలో ఉండగా మీ అన్న ఫోన్ చేశారు.

“ఇరవై తొమ్మిది” అన్నారు. ఎంతమందికి ఇస్తారు అని తెలిసీ అడిగాను. ముప్పైకి అన్నారు. నేను పైన రాసిన దాంట్లో ఒక్క మాట కూడా మార్చడం లేదు.

నువ్వు ఎలా ఉన్నావని అడిగితే ఆ సంగతి వదిలేసి మొదటి గుంత నుంచి మొదలుపెట్టారు. ఏ గుంతకు ఏ కర్ర తీశారో, ఎన్ని అడుగులో, ఎవరు ఎక్కడ తప్పు చేశారో. “పద్నాలుగోదానికాడ గాలి ఎడమదిక్కు నుంచి గొడ్తాంది, నేనే జెప్పిన వానికి.” నాకు సగం అర్థం కావడం లేదు. వెనకున్న ముగ్గురు నన్ను దాటుకుని కౌంటరు దగ్గరకు వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను. ఫోన్ చెవికి ఆనించుకుని, కిటికీ చట్టం మీద కాగితం పెట్టి ఇది రాస్తున్నాను. ఆయన ఇంకా పదిహేనో గుంత దగ్గరే ఉన్నారు.